ఫోటోలో మెరిసే తెల్లకన్ను: కంటి కణితికి రెండు వందల ఏళ్ళ చరిత్ర

ఈ రోజు మాట్లాడుకోబోయేది కంటి కణితుల గురించి. ముఖ్యంగా పసిపిల్లల కంట్లో వచ్చే కణితి గురించి. డాక్టర్లు దీన్ని రెటినోబ్లాస్టోమా అంటారు. పేరు నోరు తిరగడం కష్టమే గానీ, కథ మాత్రం మనందరికీ తెలియాల్సిన కథ. నేను డాక్టర్ని కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణి. అందుకని మందుల మోతాదులు చెప్పను. ఒక జబ్బును మనిషి ఎలా గుర్తుపట్టడం నేర్చుకున్నాడు, ఎలా ఎదుర్కొన్నాడు, అందులో ఎంత దూరం వచ్చాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఇదీ నేను చెప్పదలచుకున్నది.

ముందు ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. మనిషి కంటిపాప నల్లగా ఎందుకు కనిపిస్తుంది? లోపల నల్లరంగు ఉందనా? కాదు. కంటి వెనక గోడంతా రక్తనాళాలే, అది ఎర్రగా ఉంటుంది. మరి మనకి ఎందుకు కనపడదు? కంట్లోకి వెళ్ళిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. దాన్ని చూడాలంటే మన కన్ను సరిగ్గా ఆ దారిలోనే ఉండాలి. ఉండాలని ముందుకు వంగామా, మన తలే వెలుగుకి అడ్డం వస్తుంది! అందుకే వేల ఏళ్ళు మనుషులు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు గానీ, కంటి లోపల ఏముందో బతికున్న మనిషిలో ఎవరూ చూడలేకపోయారు. మన సుశ్రుతుడి ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలు చెప్పారు. రెప్ప మీద వచ్చే గడ్డ గురించి కూడా ఉంది. కానీ ఎంత గొప్ప వైద్యుడైనా కంటి పైభాగాన్ని చూడగలిగాడు తప్ప, వెనక గోడను చూసే సాధనం ఎవరి దగ్గరా లేదు.

ఇది గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా "చూడటం" చుట్టూనే తిరుగుతుంది.

1597 నుంచి 1809 దాకా

ఈ కణితి గురించి రాతలో దొరికే తొలి వర్ణనల్లో ఒకటి 1597 నాటిది. హాలెండు దేశపు శరీరశాస్త్రవేత్త పీటర్ పావ్ ఒక చిన్నబిడ్డ శవాన్ని పరీక్షించి, ఎడమ కంటి దగ్గర పెరిగిన పెద్ద కణితిని వర్ణించాడు. అంటే అప్పటికి ఈ జబ్బు కళ్ళబడేది చివరి దశలోనే. కణితి కన్ను దాటి బయటికి పొడుచుకొచ్చాకే.

తర్వాత రెండు వందల ఏళ్ళ పాటు దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా ఎవరూ గుర్తించలేదు. శరీరంలో ఎక్కడ మెత్తగా, రక్తం కారుతూ గడ్డ పెరిగినా అన్నిటినీ ఒకే గాటన కట్టేసేవారు. ఆ ముడి విప్పినవాడు జేమ్స్ వార్డ్రాప్ అనే స్కాట్లండు సర్జన్. 1809లో ఎడింబరోలో ఆయన పుస్తకం వచ్చింది. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఆయన చేసిన పని ఏంటంటే, ఈ జబ్బుతో పోయిన పిల్లల కళ్ళను కోసి, ఓపిగ్గా ఒక్కొక్క పొరా చూసుకుంటూ పోయాడు. చూసి రెండు మాటలు తేల్చాడు. ఒకటి, ఈ కణితి ఎక్కువగా రెటీనాలో, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొరలో మొదలవుతుంది. రెండు, అది కంటి నరం పట్టుకుని మెదడుకు పాకుతుంది. కాబట్టి పాకకముందే కన్ను తీసేస్తే బిడ్డ బతకవచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇది 1809. ఈథర్ మత్తు అందరి ముందు ప్రయోగించి చూపించింది 1846లో, క్లోరోఫామ్ వచ్చింది 1847లో. అంటే వార్డ్రాప్ చెప్తున్నది, మత్తుమందు లేని రోజుల్లో, రెండేళ్ళ పిల్లాడి కన్ను తీయమని. ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఏ సర్జన్ చెయ్యి ముందుకొస్తుంది? చాలామంది ఆయన మాట పట్టించుకోలేదు. ఆయన ఆలోచన సరైనదే, దాన్ని నడిపించే పనిముట్లు ఇంకా పుట్టలేదు.

కంట్లోకి తెరిచిన కిటికీ

1850 చివర్లో కోనిగ్స్‌బర్గ్‌లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్తకి ఇరవై తొమ్మిదేళ్ళు. మనం ఇందాక వేసుకున్న ప్రశ్నే ఆయన కూడా వేసుకున్నాడు, కంటిపాప నల్లగా ఎందుకుందని. జవాబు తెలిశాక పరిష్కారం తేలికైపోయింది. ఒక గాజు పలకను ఏటవాలుగా పెట్టాడు. పక్కనున్న దీపం వెలుగు దాని మీద పడి కంట్లోకి వెళ్తుంది. వెనక్కి వచ్చిన వెలుగును అదే గాజు గుండా తాను చూస్తాడు. తల అడ్డం రాదు! ఆ పరికరమే ఆఫ్తాల్మోస్కోపు. 1851లో దాని మీద పుస్తకం వేశాడు. బతికున్న మనిషి రెటీనాని డాక్టర్లు తీరిగ్గా చూడగలగడం అప్పటినుంచే మొదలైంది.

ఈ పరికరాన్ని ఆసుపత్రిలో ఆయుధంగా మార్చినవాడు బెర్లిన్‌లోని ఆల్బ్రెఖ్ట్ ఫాన్ గ్రేఫే. కణితి ఇంకా కంటి లోపల ఉండగానే చూడటం ఇప్పుడు వీలైంది. అప్పటికి మత్తుమందూ వచ్చేసింది. గ్రేఫే ఇంకో ముఖ్యమైన మాట చెప్పాడు. కన్ను తీసేటప్పుడు కంటి నరాన్ని వీలైనంత పొడవుగా కోసి తీయాలి అని. ఎందుకు? కణితి పాకేది ఆ దారినే కదా. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, ప్రాణాలు నిలబెట్టింది అదే. ఈ రోజుకీ సర్జన్లు ఆ సూత్రమే పాటిస్తున్నారు.

ఫలితం ఎలా ఉందో చూడండి. 1869లో హిర్ష్‌బర్గ్ లెక్కల్లో బతికిన పిల్లలు సుమారు 5 శాతం. 1897లో వింటర్‌స్టైనర్ లెక్కల్లో సుమారు 17 శాతం. ఇప్పటి మన కళ్ళకి అది ఘోరమైన అంకె. కానీ అంతకుముందు ఈ జబ్బంటే మరణమే. అక్కణ్ణుంచి చూస్తే పెద్ద అడుగే.

ఈ మధ్యలో పేరు మీద కూడా ఒక తగాదా నడిచింది. 1864లో మహా పండితుడు ఫిర్ఖో దీన్ని మెదడు కణితుల జాతిలో చేర్చి గ్లయోమా అన్నాడు. 1891లో ఫ్లెక్స్‌నర్, తర్వాత వింటర్‌స్టైనర్ మైక్రోస్కోపులో చూస్తే కణాలు పువ్వు రేకుల్లా గుండ్రంగా పేర్చినట్టు కనిపించాయి. కాదు కాదు, ఇది రెటీనా కణాలదే అన్నారు. చివరికి బోస్టన్ డాక్టర్ వెర్హాఫ్ సూచించిన రెటినోబ్లాస్టోమా అనే పేరును 1926లో అమెరికా నేత్ర వైద్యుల సంఘం ఒప్పుకుంది. అంటే, పూర్తిగా ఎదగని రెటీనా కణాల్లోంచి పుట్టిన కణితి అని. అందుకే ఇది ఎక్కువగా అయిదేళ్ళలోపు పిల్లలకే వస్తుంది.

కన్ను తీయకుండా కుదరదా?

ప్రాణం నిలబడటం మొదలయ్యాక సహజంగా రెండో ప్రశ్న వస్తుంది. రెండు కళ్ళలోనూ కణితులుంటే ఏం చేయాలి? రెండూ తీసేస్తే బిడ్డ బతుకుతుంది, కానీ జీవితాంతం చీకటే.

1903లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి చెందిన హిల్‌గార్ట్‌నర్ అనే డాక్టరు ఈ కణితి మీద ఎక్స్‌రేలు ప్రయోగించాడు. ఎక్స్‌రేలు కనుక్కుని అప్పటికి ఎనిమిదేళ్ళే. ఆ తర్వాత రేడియేషన్ ఈ జబ్బుకి ప్రధానమైన మందుల్లో ఒకటైపోయింది. ఇంగ్లండులో ఫాస్టర్ మూర్, హెన్రీ స్టాలర్డ్ అనే ఇద్దరు డాక్టర్లు, రేడియేషన్ ముఖమంతా పడకుండా, కణితి దగ్గరే పెడితే ఎలా ఉంటుందని ఆలోచించారు. ముందు రేడాన్ నింపిన చిన్న గింజలు, తర్వాత స్టాలర్డ్ కోబాల్ట్ పూసిన చిన్న పలకలు వాడాడు. పలకను కంటి గుడ్డుకు బయట, కణితికి సరిగ్గా వెనక కుట్టేసి, కొన్నాళ్ళుంచి తీసేయడం. సరదా విషయం ఏంటంటే, ఈ స్టాలర్డ్ గారు 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచినవాడే! ఈ పలకల పద్ధతి ఇప్పటికీ ఉంది. మన భాభా అణు పరిశోధన కేంద్రం అణు వ్యర్థాల్లోంచి రుథేనియం-106 తీసి, మన దేశంలోనే ఈ పలకలు తయారుచేస్తోంది.

కానీ ముఖమంతా పడే రేడియేషన్ ఇచ్చినచోట ఇంకో దెబ్బ ఎదురుచూస్తోంది. చిన్నప్పుడు బాగైన పిల్లల్లో కొందరికి, పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో, రేడియేషన్ పడినచోటే ఎముకలో, కండరంలో కొత్త క్యాన్సర్లు వచ్చాయి. అందరికీ కాదు. ముఖ్యంగా జబ్బు వంశపారంపర్యంగా వచ్చినవారికి. ఎందుకు వాళ్ళకే? దానికి జవాబు కావాలంటే, ఇంకో దారిలో నడుస్తున్న కథ దగ్గరికి వెళ్ళాలి.

48 మంది పిల్లలు, ఒక గ్రాఫు

1872లో బ్రెజిల్‌లో డి గోవేయా అనే డాక్టరు ఒక పసివాడి కన్ను తీశాడు. పిల్లాడు బతికాడు. పెద్దవాడై పెళ్ళి చేసుకున్నాడు. అతని కూతుళ్ళిద్దరికి రెండు కళ్ళలోనూ అదే కణితి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు పెళ్ళి వయసు దాకా బతికితే కదా, వంశంలో వస్తుందో లేదో తెలియడానికి! వైద్యం గెలిచాకే జబ్బులోని ఈ రహస్యం బయటపడింది.

వంద ఏళ్ళ తర్వాత, 1971లో, హ్యూస్టన్‌లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే పిల్లల డాక్టరు 48 మంది రోగుల పాత రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. పెద్ద ల్యాబ్ లేదు, ఖరీదైన యంత్రం లేదు. కాగితం, గ్రాఫు, లెక్క. రెండు కళ్ళలో జబ్బున్న పిల్లలకి చాలా చిన్న వయసులోనే బయటపడుతోంది. ఒక కంట్లోనే వచ్చినవాళ్ళకి కాస్త ఆలస్యంగా. ఈ తేడాని లెక్కగట్టి ఆయన ఇలా చెప్పాడు. కణం క్యాన్సర్‌గా మారాలంటే రెండు దెబ్బలు తగలాలి. కొందరు పిల్లలు మొదటి దెబ్బతోనే పుడతారు, ఒంట్లో ప్రతి కణంలోనూ. ఇక ఒక్క దెబ్బ చాలు. మిగతావాళ్ళకి ఒకే కణంలో రెండు దెబ్బలూ పడాలి, అది అరుదు, ఆలస్యం.

ఇంటికి రెండు తాళాలున్నాయనుకోండి. కొందరి ఇంటికి పుట్టుకతోనే ఒక తాళం లేదు. రెండోది పోతే చాలు. అర్థమైంది కదా, రేడియేషన్ వాళ్ళకే ఎందుకు చేటు చేసిందో! ఆ రెండో తాళాన్ని రేడియేషన్ పగలగొట్టగలదు.

1986లో ఆ జన్యువు దొరికింది. పదమూడో క్రోమోజోములో ఉన్న ఆర్‌బీ1. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువుల్లో శాస్త్రవేత్తల చేతికి చిక్కిన మొదటిది ఇదే. ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సరైనా, రొమ్ము క్యాన్సరైనా, అలాంటి జన్యువుల గురించి మాట్లాడుతున్నామంటే, ఆ దారి తెరిచింది పసిపిల్లల కంటి జబ్బే. ఇంట్లో ఒక బిడ్డకి ఈ కణితి వస్తే, రక్త పరీక్షతో తమ్ముడికో చెల్లికో ముప్పుందో లేదో ముందే తెలుసుకోవడం కూడా దీనివల్లే సాధ్యమైంది.

సూది పెట్టకూడని క్యాన్సరు

ఇప్పుడు నిర్ధారణ గురించి ఒక మాట. మామూలుగా క్యాన్సర్ అంటే ఏం చేస్తారు? చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఈ కణితి విషయంలో మాత్రం అలా చేయరు. సూది గుచ్చితే ఆ దారిలో కణాలు కన్ను దాటి బయటికి పడే ప్రమాదం ఉంది. అందుకని బిడ్డకి మత్తిచ్చి, కంటిపాపను విచ్చుకునేలా చేసి, డాక్టరు నేరుగా చూసే నిర్ధారిస్తారు. తోడుగా అల్ట్రాసౌండ్. ఈ కణితిలో తరచుగా సున్నపు గింజల్లాంటివి ఉంటాయి, అవి అందులో కనిపిస్తాయి. నరం దాకా పాకిందా అని ఎమ్మారై. అంటే హెల్మ్‌హోల్ట్జ్ మొదలుపెట్టిన "చూడటం" ఇప్పటికీ కత్తి కంటే ముందే ఉంది.

చూపుకి తప్పు జరగదా? జరిగింది కూడా. పెద్దవాళ్ళ కంట్లో వచ్చే మెలనోమా అనే కణితి ఉంది. 1960లలో అమెరికాలో, మెలనోమా అనుకుని తీసేసిన కళ్ళను పరిశీలిస్తే, దాదాపు అయిదింట ఒక కంట్లో అసలు ఆ జబ్బే లేదని తేలింది! ఆ తర్వాత పరీక్షలు మెరుగయ్యాయి. 1980లలో మొదలైన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో ఆ పొరపాటు నూటికి ఒకటి కంటే తక్కువకి దిగింది. అదే అధ్యయనంలో మధ్యస్థ పరిమాణపు కణితులున్న 1317 మందిని రెండు భాగాలు చేశారు. ఒకరికి కన్ను తీశారు, ఇంకొకరికి రేడియేషన్ పలక పెట్టారు. 2001లో ఫలితం వచ్చింది. అయిదేళ్ళ తర్వాత బతికినవాళ్ళు రెండు వైపులా దాదాపు సమానమే, 80 శాతం పైచిలుకు. అంటే అలాంటి కణితికి కన్ను ఉంచుకున్నంత మాత్రాన ప్రాణానికి అదనపు ముప్పు లేదన్నమాట.

పిల్లల విషయంలోనూ అదే దారి. 1990లలో ముందు కీమోతో కణితిని కుదించి, మిగిలినదాన్ని లేజర్‌తోనో, గడ్డకట్టించే చలితోనో చంపే పద్ధతి వచ్చింది. జపాన్ డాక్టర్లు చూపిన బాటలో, 2006లో న్యూయార్క్‌లో ఏబ్రమ్‌సన్, గోబిన్ ఒక సన్నటి గొట్టాన్ని తొడ దగ్గర రక్తనాళంలోంచి కంటికి వెళ్ళే నాళం దాకా పంపి, మందును అక్కడే వదిలారు. తొలిరోజుల్లోనైతే తీసేయాల్సిన కళ్ళు ఎన్నో ఇప్పుడు నిలుస్తున్నాయి.

అసలు దూరం ఎక్కడుంది?

ఇక మన సంగతికి వద్దాం. హైదరాబాదులో సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి పేరు మీద 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్‌కి ప్రత్యేక విభాగమే ఉంది. డాక్టర్ సంతోష్ హోనావర్, డాక్టర్ స్వాతి కలికి లాంటివాళ్ళు హైదరాబాదులో చేసిన పనిని ప్రపంచం గుర్తించింది. అంటే విద్య మన దగ్గర లేక కాదు.

మరి సమస్య ఏంటి? 2017లో కొత్తగా బయటపడిన 4351 మంది పిల్లల వివరాలు 153 దేశాల నుంచి సేకరించారు. సంపన్న దేశాల్లో జబ్బు గుర్తించే వయసు సుమారు 14 నెలలు. పేద దేశాల్లో 30 నెలలు దాటింది. కణితి కన్ను దాటి బయటికి వచ్చేసిన పిల్లలు సంపన్న దేశాల్లో 1.5 శాతం, పేద దేశాల్లో 49 శాతం. మూడేళ్ళ తర్వాత బతికినవాళ్ళు అక్కడ 99.5 శాతం, ఇక్కడ 57.3 శాతం. మన దేశం ఉన్న దిగువ మధ్య ఆదాయ దేశాల్లో సుమారు 80 శాతం.

ఈ అంకెలు చూసినప్పుడు నాకు ఒకటే అనిపిస్తుంది. చరిత్ర అంటే గడిచిపోయిన కాలం అనుకుంటాం. కానీ పీటర్ పావ్ 1597లో చూసిన బిడ్డ, వార్డ్రాప్ 1809లో చూసిన బిడ్డ ఇంకా ఉన్నారు. కాలంలో కాదు, దూరంలో. ఆసుపత్రికి దూరంగా ఉన్న ఇంట్లో.

ఆ దూరం బస్సు చార్జీలదే కాదు, మాటలది కూడా. ఐరోపాలో పాత డాక్టర్లు ఈ తెల్లటి మెరుపుని పిల్లి కన్నుతో పోల్చారు. మన భాషలోనూ పిల్లికళ్ళు అనే మాట ఉంది, కానీ మనం దాన్ని తేనెరంగు, బూడిదరంగు కళ్ళకి వాడతాం, ముచ్చటగా. పిల్లాడి కన్ను మెరిస్తే "పిల్లికళ్ళు లేవే, వాళ్ళ తాతవి" అని మురిసిపోయి ఊరుకునే ప్రమాదం ఉంది. తేడా తేలికే. పిల్లికళ్ళలో రంగు నల్లగుడ్డు చుట్టూ ఉండే వలయంలో ఉంటుంది. జబ్బులో తెలుపు సరిగ్గా మధ్యలో, కంటిపాప లోపల ఉంటుంది. అలాగే "మెల్లకన్ను అదృష్టం" అంటారు. ఈ కణితికి రెండో ముఖ్య లక్షణం మెల్లే! ఇంకొందరు "కంట్లో పువ్వు వేసింది" అని పసర్లు పోయిస్తారు. పసరు పోసిన ప్రతి వారం కణితికి ఇచ్చిన గడువే.

ఇంకో గోడ, కన్ను తీయాలంటే ఒప్పుకోకపోవడం. "సర్వేంద్రియాణాం నయనం ప్రధానం" అని పెరిగినవాళ్ళం. అందులోనూ ఆడపిల్లైతే, "రేపు పెళ్ళెలా?" అని ఆసుపత్రి నుంచి బిడ్డను ఎత్తుకుపోయేవాళ్ళున్నారు. వాళ్ళని తిట్టడం తేలిక. కానీ వాళ్ళకి తెలిసింది చెప్పేవాళ్ళుండాలి. కొన్ని కళ్ళు ఈ రోజుకీ తీయాల్సిందే, ఎంత పెద్ద దేశమైనా. తీసినచోట లోపల గోళీ పెట్టి, పైన పక్క కన్నులాగే కనిపించే కృత్రిమ కన్ను అమరుస్తారు. కొలంబో అనే డిటెక్టివ్ సీరియల్లో నటించిన పీటర్ ఫాక్ పేరు విన్నారా? మూడేళ్ళ వయసులో ఈ కణితికే కన్ను తీయించుకున్నాడు. 83 ఏళ్ళు బతికాడు, ప్రపంచమంతా చూసేలా నటించాడు.

చివరగా, ఇందాక గుర్తుపెట్టుకోమన్న "చూడటం" దగ్గరికి. ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే కళ్ళు ఎర్రగా వస్తాయి కదా? ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి, కంట్లోకి వెళ్ళి తిరిగొచ్చే వెలుగుని కెమెరా పట్టేస్తుంది. అంటే హెల్మ్‌హోల్ట్జ్ గాజు పలకతో సాధించింది మన జేబులోనే ఉంది. ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగానో పసుపుగానో వస్తే, అది మళ్ళీ మళ్ళీ వస్తుంటే, అశ్రద్ధ చేయకండి. ప్రతి తెల్ల మెరుపూ క్యాన్సర్ కాదు. పిల్లలకి వచ్చే శుక్లం కావచ్చు, ఫ్లాష్ పడిన కోణం వల్ల కావచ్చు. తేల్చాల్సింది మాత్రం మనం కాదు, పిల్లల కంటి డాక్టరు. అదీ ఎండాకాలం సెలవులయ్యాక కాదు, ఆ వారంలోనే.

వార్డ్రాప్‌కి తెలుసు, తొందరగా పట్టుకుంటే బతుకుతారని. ఆయన దగ్గర పనిముట్లు లేవు. మన దగ్గర అన్నీ ఉన్నాయి, తొందర ఒక్కటే కావాలి. మీ ఇంట్లో, మీ వీధిలో పసిపిల్లలున్న తల్లులకి ఈ మాట చేరవేయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం.